సగం ఎత్తిన షట్టరు

అన్నా,

నువ్వు అడిగిన మామిడికాయ తొక్కు భివండీ వచ్చే వెంకటేశ్ చేతికిచ్చి పంపుతున్నాను. ఈ చీటీ కూడా అందులోనే పెట్టాను. మోతి చనిపోయిందని ఫోన్‌లో చెప్పినప్పుడు, ఈసారి వచ్చేటప్పుడు ఇంకో కుక్కపిల్లను తెస్తానన్నావు. బాపు పక్కనే ఉన్నాడని సరే అన్నాను. తేవద్దు.

ఇక్కడంతా బాగానే ఉంది. పశువుల డాక్టరు ఇంటికే వచ్చి సూది వేశాడు. "ఇగ దానికి నొప్పుండదు" అన్నాడు. బాపు దాని తల ఒళ్లో పెట్టుకుని "మంచిది సారూ" అన్నాడు, అంతే. నంగునూరులోని మన చెలక పొలంలో పూడ్చి వచ్చి, స్నానాలు చేసి అన్నం తిన్నాం. ఎవరమూ ఏడవలేదు.

నీకు తెలుసు కదా, పొద్దున బాపు బట్టల దుకాణం షట్టరు మోకాలెత్తు లేపి ఆగేవాడు. మోతి కింది నుంచి దూరి లోపలికి వెళ్లాకే పూర్తిగా ఎత్తేవాడు. ముసలిదై కాళ్లీడ్చినా, అది వెళ్లేదాకా షట్టరు పట్టుకునే నిలబడేవాడు.

ఈ రోజూ, నేను పక్కనే ఉండగా, సగంలోనే ఆగాడు. మన పాత గిరాకీ కిష్టవ్వ జాకెట్ గుడ్డకని వచ్చి, "ఏంది సేటూ, ఇంకా తెరుస్తలేవు?" అంది.

"జర ఆగు కిష్టవ్వా, మోతిని లోపలికి రానియ్యి" అన్నాడు బాపు.

అది లేదని ఆమెకు తెలుసు. నిన్న నన్ను పలకరించి వెళ్లింది కూడా. అయినా చీర కుచ్చిళ్లు దగ్గరికి తీసుకుని, పక్కకు జరిగి దారి ఇచ్చింది.

నేనూ జరిగాను.

నీ చెల్లె