పావురాల గదిలో మనిద్దరం

అన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. తార్నాకలో మన గది కిటికీ నిండా పావురాల రెట్ట ఉండేది. ఇద్దరం కలిసే కడిగేవాళ్ళం. ఆ రెట్టలోని ఫంగస్ నీ మెదడుకు పాకింది. నాకు దగ్గైనా రాలేదు.

ఈరోజు క్యాంపస్ గేటు దగ్గర ఉద్యమకారుల మీద బాష్పవాయువు వదిలారు. నువ్వుంటే అక్కడే ఉండేవాడివి. నేను మాత్రం ల్యాబులో ఎలుకల బోను ముందు కొయ్యబారిపోయాను. అన్నిటికీ అదే ఫంగస్ ఎక్కించాం. మగవి చాలావరకు చచ్చిపడున్నాయి. ఆడవి గింజలు తింటున్నాయి.

"ఆడ హార్మోను రక్షణ కణాలకు బలమిస్తున్నట్టుందమ్మా. మగ హార్మోను వాటిని మందగింపజేస్తుందేమో," అన్నారు మా మేడం.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

"అంటే, ఆడపిల్లవు గాబట్టే బతికినవా?"

"అదొక్కటే కాదమ్మా. అదిగూడ ఒక కారణం కావొచ్చు."

అమ్మ నా ముఖంలోకి చూసింది.

"నువ్వు కడుపుల ఉన్నప్పుడు గూడ కొడుకే గావాలని మొక్కిన బిడ్డా," అంది.

పొయ్యి మీద అన్నం మాడుతున్న వాసన వచ్చింది. ఇద్దరిలో ఎవరమూ లేవలేదు.

నీ చెల్లె