చొక్కా జేబుల్లో సందేహాలు

చిట్టితల్లీ,

నా రాత కోడిగీతల్లా ఉంటుంది, తప్పులు కూడా ఉంటాయి, ఏమనుకోకు. ఈ చెయ్యి ఇస్త్రీపెట్టెకే అలవాటు పడింది.

పత్రికలో ఇంగ్లీషు సందేహాలకు జవాబులు రాయడం మానేస్తానని నీ ఉత్తరంలో రాశావు. ఇస్త్రీవాడి కూతురు మాకు ఇంగ్లీషు నేర్పేదేమిటని ఎవరో ఉత్తరం రాశారన్నావు. అది చదివాక నాకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

ఒక సంగతి చెప్తాను. ఇస్త్రీ చేసిన బట్టలు పాత పేపర్లలో చుట్టి ఇస్తాను కదా. నీ జవాబులున్న పేజీలు మాత్రం తీసి దాచుకుంటాను. మొన్న పొరపాటున ఒకటి ప్లీడరుగారి చొక్కాలతో వెళ్లిపోయింది. తిరిగి అడుగుదామని వాళ్లింటికి పరిగెత్తాను.

"ఇవ్వనయ్యా," అన్నారాయన. "సాయంత్రం మనిషి ఎదురైతే గుడ్ నైట్ అనాలా, గుడ్ ఈవెనింగ్ అనాలా అని ముప్పయ్యేళ్లుగా నలుగుతున్నాను. నవ్వుతారని ఎవరినీ అడగలేదు. ఈ అమ్మాయెవరో నన్ను గట్టెక్కించింది."

"మా అమ్మాయేనండి," అన్నాను. ఆ జవాబులు రాసేది నువ్వేనని బయటివాళ్లతో అనడం నాకు అదే మొదలు.

"ఓరి నీ అసాధ్యం కూలా! ఇన్నాళ్లూ నోరు మెదపలేదేమయ్యా?"

ఇప్పుడు నేనే అందరికీ చెప్తున్నాను. ఇస్త్రీకొచ్చే చొక్కాల జేబుల్లో చీటీలొస్తున్నాయి. ప్లీడరుగారివే రెండు. హెడ్మాస్టరుగారిది కూడా ఒకటుంది, తనదని ఎవరికీ చెప్పొద్దన్నారు.

అన్నీ దీంతోపాటు పంపుతున్నాను. మా అమ్మాయి చెప్తుందని నిన్నడక్కుండానే మాటిచ్చేశాను. వచ్చే శనివారం వాళ్లంతా బట్టలకొస్తారు. ఆలోగా జవాబులు రాసి పంపు తల్లీ.

మీ నాన్న