ఎర్ర నాబు ఎవరి చేతిలో?

మామయ్యకు,

నేను క్షేమం, నువ్వు క్షేమమని తలుస్తాను అంటూ మొదలుపెట్టడం మర్యాద. కానీ నేను క్షేమంగా లేను. దానికి కారణం నువ్వే కాబట్టి ఆ మర్యాదని ఈసారికి పక్కన పెడుతున్నాను. ఫోన్ చేస్తే ప్రతిసారీ అత్తయ్య ఎత్తి, "ఆయన పడుకున్నార్రా" అంటోంది. మనిషి పడుకుంటాడు గాని ఉత్తరం పడుకోదు. అందుకే ఇది.

మొన్న శనివారం నువ్వు సౌండు చూసే ఆ హాల్లో కచేరీ విన్నాను. బయటికొచ్చి బస్సెక్కితే కండక్టరు పెదాలు కదలడం కనపడిందే గాని మాట వినపడలేదు. మర్నాడు పొద్దున్న కూడా చెవుల్లో ఒకటే ఈల. కుక్కరు కట్టెయ్యమని అమ్మమీద అరిచాను. పొయ్యిమీద కుక్కరే లేదు.

దీని మీద ఒక చిన్న పుస్తకం సంపాదించి చదివాను. చెవి లోపల వెంట్రుకల్లాంటి సన్నటి కణాలుంటాయి మామయ్యా. శబ్దాన్ని పట్టేవి అవే. పెద్ద మోతకి అవి చచ్చిపోతాయి, చచ్చినవి మళ్ళీ మొలవవు. ఈ వయసులో భుజాలదాకా జుట్టు పెంచుకు తిరిగే నీకు, అన్ని వెంట్రుకలూ మొలుస్తూనే ఉంటాయన్న ధీమా ఉన్నట్టుంది. మొలవవు!

కాబట్టి సౌండు తగ్గించు. తలుపు దగ్గర ఇయర్ ప్లగ్గులు పెట్టించు. స్పీకర్ బాక్సుల ముందు తాడు కట్టించు. చెవులకి విశ్రాంతి కోసం ఒక నిశ్శబ్దమైన గది కేటాయించు. ఇవి కోరికలు కావు, హక్కులు.

ధర్మాగ్రహంతో,
నీ మేనల్లుడు

తా.క.: వచ్చే శనివారానికి కూడా పాస్ పంపు. పరిశోధనకి.

*

ఒరేయ్ అల్లుడూ, ఆశీస్సులు.

ఉత్తరం రాసి బతికించావు. ఇందులో నువ్వెంత అరిచినా చప్పుడుండదు.

మొన్న ఎక్కడ నిలబడ్డావు? ఎడమవైపు బాక్సుకి వీపు ఆనించి నిలబడ్డావని టికెట్లు చింపే అతను చెప్పాడు. గోడనుకున్నావట. అది గోడ కాదురా. ఇంటర్వెల్లో కూడా అక్కణ్ణుంచి కదల్లేదట, మంచి చోటు పోతుందని.

బాక్సులకి దూరంగా ఉండు. మధ్యమధ్యలో వరండాలోకి వచ్చి చెవులకి కాస్త తెరిపి ఇవ్వు. చెవుల్లో బిరడాలు పెట్టుకో, నువ్వన్న ఆ ప్లగ్గులే. దూది కాదు, దూది దీనికి పనికిరాదు. మెత్తటి బిరడాని వేళ్ళమధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి, లోపలికి దోపి, అది ఉబ్బేదాకా వేలితో అదిమి పట్టాలి. మోత తగ్గుతుంది, పాట ఎక్కడికీ పోదు.

ఇక తగ్గించడమంటావా! పాడే అమ్మాయి తన గొంతు పెంచమంటుంది. గిటారు వాయించేవాడు అమ్మాయి కంటే తనది పెంచమంటాడు. డ్రమ్ములవాడికి మైకే అక్కర్లేదు, అతనికి నాలుగు కావాలి. వెనక వరసలోంచి "సౌండ్!" అని కేక. పొద్దస్తమానం "పెంచు" అన్న మాట తప్ప ఇంకో మాట వినను. అలిసిపోయానురా. నీకింకా వయసుంది, కోప్పడు.

ఇట్లు,
మామయ్య

తా.క.: పాస్ పంపుతున్నాను. ఈసారి సీటు కూడా ఉంది. కూర్చో.

ఇంకో తా.క.: బాత్రూం అద్దం మీద చెవి బొమ్మ అంటించావట. అక్క తల దువ్వుకోవడానికి పక్కింటికి వెళ్ళాల్సి వస్తోంది. పీకెయ్.

*

మామయ్యకు,

సీటిచ్చి నా నోరు మూయించాలనుకున్నావు. కూర్చున్నాను. కూర్చుని అంతా కళ్ళారా చూశాను.

రెండో పాటకే జనం "సౌండ్! సౌండ్!" అని గోల పెట్టారు. హాలు ఓనరు గారు తెల్లబూట్లు టకటకలాడించుకుంటూ నీ సౌండు మిక్సర్ బల్ల దగ్గరికొచ్చి చెయ్యి పైకెత్తారు. అప్పుడు నువ్వేం చేశావు? బల్ల మధ్యలో నిమ్మకాయంత ఎర్ర నాబు ఉంది చూడు, దాన్ని రెండు చేతులతో పట్టుకుని, పళ్ళు బిగించి, నూతిలోంచి చేద లాగినట్టు తిప్పావు. హాలు ఊగిపోయింది. నా పక్కసీట్లో ఉన్న ముసలావిడ చెవులు మూసుకుంది. ఇంతమంది చెవుల బతుకు ఒక్క నాబు మీద, ఆ నాబు నా సొంత మేనమామ చేతిలో! సిగ్గుతో చచ్చిపోయాను.

బంధుత్వం వేరు, సత్యం వేరు. కరపత్రం అచ్చువేయించి ఊరంతా పంచాను. పైన పెద్దక్షరాల్లో "ఎర్ర నాబు ఎవరి చేతిలో?" అని ఉంటుంది. కింద ఇలా రాశాను: "ఈ హాల్లో అడుగు పెడితే చెవులు పగలడం ఖాయం! ఇంతటి మోత ఊళ్ళో మరెక్కడా లేదు! పక్కవాడి అరుపు కూడా వినపడదు! గుండెలు అదిరిపోతాయి!" ఇది చదివాక ఆ హాలు గడప ఎవడు తొక్కుతాడో చూస్తాను.

ప్రజా శ్రవణ రక్షణ సమితి తరఫున,
నీ మేనల్లుడు

తా.క.: సమితిలో ముగ్గురం. ఒకడికి పరీక్షలు. ఇంకొకడు డ్రమ్ములు వాయిస్తాడు కాబట్టి తటస్థంగా ఉంటున్నాడు.

ఇంకో తా.క.: తలుపు దగ్గర బుట్ట నిండా ఇయర్ ప్లగ్గులు పెట్టాను. ఇంటర్వెల్ అయ్యేసరికి బుట్ట ఖాళీ! అదీ ప్రజా చైతన్యమంటే.

*

ఒరేయ్ అల్లుడూ,

టికెట్లన్నీ అయిపోయాయి.

కుర్రాళ్ళు నీ కరపత్రం చేత్తో పట్టుకుని, "చెవులు పగిలే హాలు ఇదేనా అన్నా?" అని అడుగుతూ వస్తున్నారు. ఓనరు గారు ముచ్చటపడి ఇంకో కట్ట అచ్చువేయించారు. కింద నీ సమితి పేరు తీసేసి తన ఫోను నంబరు వేయించుకున్నారు. ఇక వచ్చినవాడికి చెవి పగలకపోతే మోసం జరిగిందని గొడవ చేస్తాడు. ఇన్నాళ్ళూ నాకు ఈ బాధ లేదు.

ఇంతకంటే పెద్ద సంగతి ఉంది. ఓనరు గారి బావమరిది కొత్త బాక్సులు కొన్నాడు. ఒక్కోటి బీరువా అంత ఉంది. నన్ను తప్పించి, వాటితో తనే కూర్చుంటానంటున్నాడు. అతను ఇంట్లో టీవీ పెడితే పక్కవీధిలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. నేనుండగా ఆ బీరువాలు గేటు దాటవని చెప్పాను. నేనెంతకాలం ఉంటానో మాత్రం నాకు తెలీదు.

నిన్ను ఆపే ఓపిక నాకు లేదు. శనివారం వచ్చి నా పక్కన కూర్చో. ఆ ఎర్ర నాబు నీ చేతికే ఇస్తాను, నీ ఇష్టమొచ్చినట్టు పెట్టుకో. దయచేసి ఇంకో కరపత్రం మాత్రం వెయ్యకు.

ఇట్లు,
మామయ్య

తా.క.: నీ ఖాళీ బుట్ట సంగతి. మా హాల్లో ఇన్నాళ్ళూ ఊగుతూ ఉన్న కుర్చీలు ఇప్పుడు ఒక్కటీ ఊగడం లేదు. వాటి కాళ్ళ కింద వంగి చూస్తే నీ చైతన్యం కనపడుతుంది.

ఇంకో తా.క.: నేను ఉత్తరాలు హాల్లోనే రాసి గుమాస్తా గారికిస్తాను. ఆయన చదివాకే కవరు అంటిస్తారు. గుమాస్తా గారూ, నమస్కారం.

*

మారిన మనిషైన మామయ్యకు,

విజయం! విజయం! విజయం!

ఎర్ర నాబుని సున్నా పక్కకి తిప్పి, దానిమీద చెయ్యి వేసి, కచేరీ అయ్యేదాకా తీయలేదు. ముక్కు దురద పెట్టినా ఎడమచేత్తోనే కానిచ్చాను. ఎంత తేడా మామయ్యా! పాటలో ప్రతి మాటా విడివిడిగా వినపడింది. మళ్ళీ అదే ముసలావిడ వచ్చింది. పోతూ పోతూ నా దగ్గరికొచ్చి, "ఇవాళ ప్రాణానికి హాయిగా ఉంది నాయనా" అంది. ఆ ఒక్క మాట చాలు నాకు.

నా చొక్కాకి "శబ్దం తగ్గించబడినది" అని అట్టముక్క తగిలించుకున్నాను, చూశావుగా. అప్పటిదాకా గంతులేస్తున్న కుర్రాళ్ళు అది చదివి టక్కున ఆగిపోయారు. "సౌండేదిరా?", "మా అమ్మమ్మ ఇంతకంటే గట్టిగా దగ్గుతుంది!" అని అరిచారు. అరవనీ. పాత అలవాట్లు అరవకుండా చావవు.

అన్నిటికంటే ఆనందం నీ గురించి. కచేరీ సాగినంతసేపూ నా పుస్తకం సారమంతా నీకు వివరించాను. ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు. చిరునవ్వుతో తల ఊపుతూనే ఉన్నావు. నాలో వక్త ఉన్నాడని అప్పుడే తెలిసింది.

ఇట్లు, ప్రజల చెవుల తరఫున,
నీ మేనల్లుడు

తా.క.: ఆఖర్లో ఓనరు గారు నిన్ను వేలితో చూపించి, తర్వాత గేటుని చూపించారు. గేటు దగ్గర సన్మానం ఏర్పాటు చేస్తున్నారా?

*

అల్లుడూ,

సన్మానం కాదు. వచ్చే శనివారం నాకు ఆఖరిది.

సౌండు తగ్గిందని కుర్రాళ్ళు ఓనరు గారి కారు చుట్టూ చేరి గొడవ చేశారు. నా తర్వాత బీరువాలూ, బావమరిదీ. ఆ శనివారం జనం మెచ్చుకుంటే మాత్రం మళ్ళీ ఆలోచిస్తానన్నారు ఓనరు గారు.

నిన్ను తిట్టాలని కాగితం తీశాను. కలం పట్టుకునేసరికి ఆ ఓపిక కూడా పోయింది. ఒక్కటే అడుగుతున్నాను. శనివారం రా. అట్టముక్క ఇంట్లో పెట్టి రా. జనం "సౌండ్" అనగానే లేచి నిలబడి, అందరికీ కనపడేలా, ఎర్ర నాబుని ఆఖరిదాకా తిప్పు. తగ్గించిన చెయ్యే పెంచితే తప్ప వాళ్ళు నమ్మరు. ఎందుకని అడగకు, ఇందులో రాయలేను. మామయ్య అడిగాడని చెయ్.

ఇట్లు,
మామయ్య

తా.క.: గుమాస్తా గారూ, ఇందులో మీక్కావలసిందేమీ లేదు. అంటించెయ్యండి.

*

మామయ్యకు,

నీ ఉత్తరం చదవగానే చింపేశాను. సిద్ధాంతం గలవాడు ఎవరైనా అదే చేస్తాడు. తర్వాత ముక్కలేరుకుని అంటించి మళ్ళీ చదివాను. అమ్మ తల దువ్వుకుంటూ ఒకే మాటంది: "వాడు పోతే ఆ బీరువాలే కదరా వచ్చేది!" రాత్రంతా ఆ మాట చెవిలో జోరీగలా తిరిగింది.

అందుకే వచ్చాను. నువ్వు చూశావు. అయినా చెప్పుకోకపోతే నా మనసు ఆగేలా లేదు.

జనం అరిచారు. లేచి నిలబడ్డాను. "వీడేరా తగ్గించింది!" అన్నాడొకడు. రెండు చేతులతో పట్టుకుని ఆఖరిదాకా తిప్పాను. హాలు పేలిపోయింది మామయ్యా! కుర్రాళ్ళు కుర్చీలెక్కి గంతులేశారు. ఓనరు గారు నా భుజం తట్టి, "అదీ సౌండంటే!" అన్నారు. ముసలావిడ నావైపు ఒక్కసారి చూసి చెవులు మూసుకుంది. ఆ చూపు నన్ను వదలడం లేదు.

ఇంతమంది చెవుల్లో వెంట్రుకలు ఈ చేతులతో పీకాను. నీ ఉద్యోగం నిలబడితే నాకు సంతోషమే. నా మొహం నేను చూసుకోలేకపోతున్నాను. అద్దం మీద చెవి బొమ్మ పీకేశాను. సమితిని రద్దు చేశాను. డ్రమ్ములవాడొక్కడే వద్దన్నాడు.

ఇట్లు,
ఏ తరఫునా కాని నీ మేనల్లుడు

తా.క.: నువ్వు చెప్పినట్టే నలిపి, చెవి పైకి లాగి బిరడాలు పెట్టుకున్నాను. అయినా ఆ మోతకి నా చెవులు ఇప్పటికీ గింగురుమంటున్నాయి.

*

ఒరేయ్ పిచ్చి అల్లుడూ,

ఈ ఉత్తరం గుమాస్తా గారికివ్వలేదు. మీ అత్తయ్య చేతికిచ్చి పంపుతున్నాను. చదివి చింపెయ్. ఈసారి ముక్కలేరకు.

నా ఉద్యోగం ఉంది. బావమరిదిని ఆ బీరువాలు వేరేచోట అమ్ముకోమన్నారు. ఇక నువ్వు కళ్ళు తుడుచుకో. నీవల్ల ఎవరి చెవికీ ఏమీ కాలేదు.

ఎర్ర నాబు వెనక తీగ లేదు.

మూలపడ్డ పాత మిక్సర్ నుంచి ఊడబీకి నేనే బిగించాను, నీకింకా నిక్కర్లున్న రోజుల్లో. అసలు మీట బల్ల చివర, నా టీ గ్లాసు వెనక, పేపరు కింద ఉంది. దాన్ని ఉండాల్సిన చోట ఉంచాను. ఎవరెంత అరిచినా అక్కణ్ణుంచి పైకి జరపలేదు. నువ్వు సున్నాలో పెట్టిన రోజూ అంతే సౌండు, ఆఖరిదాకా తిప్పిన రోజూ అంతే సౌండు. నువ్వు వీపు ఆనించిన ఆ ఒక్కటి తప్ప, మిగతా బాక్సుల్ని జనం తలలకంటే ఎత్తున కట్టింది నేనే. మొదటి వరస కుర్చీల్ని ఊడ్చే వంకతో వారవారం కాస్త కాస్త వెనక్కి జరిపించిందీ నేనే. తాడు కడితే తెంపుతారు, కుర్చీ జరిపితే ఎవరూ చూడరు.

జనం పెంచమంటారు. వాళ్ళ మాట విని ఎవడో ఒకడు చెమటోడ్చి తిప్పడం కళ్ళతో చూస్తే చాలు వాళ్ళకి. నీకు ముందే చెబితే ఏం చేసేవాడివి? కరపత్రం వేసేవాడివి. మర్నాడే బీరువాలు దిగేవి. అందుకే ఇన్నేళ్ళూ ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. ఇవాళ నీతో అనేసరికి కాస్త తేలికపడ్డాను.

అలాగని బిరడాలు మానకు. నేను ఎంత కాపు కాసినా కచేరీ కచేరీయే. బాక్సు గోడ కాదు.

ఇట్లు,
మామయ్య

తా.క.: ఈ వయసులో జుట్టేమిటని ఎత్తిపొడిచావు. దాని కింద, చెవుల్లో బిరడాలుంటాయి. పనికి కూర్చున్నప్పటి నుంచి లేచేదాకా తీయను. పాటకి అలవాటుపడ్డాను కాబట్టి వినపడుతుంది. ఆ రోజు నువ్విచ్చిన ఉపన్యాసంలో మాత్రం ఒక్క ముక్క వినలేదు. బాగా చెప్పే ఉంటావు.

ఇంకో తా.క.: చెవులు గింగురుమంటున్నాయన్నావు. ఆ మోత ఏ తీగలోంచి వచ్చిందో కాస్త చూసి చెప్పు.

ఆఖరి తా.క.: వచ్చే శనివారం పెందలాడే రా. తిప్పీ తిప్పీ నా మణికట్టు పడిపోయింది. ఆ నాబుకి ఇక కోపమున్న చెయ్యి కావాలి.