మోత లేని టైర్లు

అబ్రాహామూ,

ఆసుపత్రికి తీసుకుపోయిన ఆ రోజు ఎద్దుల బండి అంతగా కుదపకపోతే అమ్మ బతికేదేమోనన్న అనుమానం పదేళ్లుగా నన్ను వదలలేదు. అది తెలిసి కూడా దొర కారుకు ఆ మొరటు టైర్లు తెస్తావా?

"మోతైతే ఏందన్నా, దొర వస్తున్నడని ఊరికి ముందే తెలుస్తది" అని నవ్వావు. శుక్రవారం ఆ కారులో పడుకుని మెదక్ ఆసుపత్రికి పోయేది దొర కాదు, నడుము విరిగిన పెద్ద దొరసాని. దారిలో ప్రతి గుంతా ఆమె ఎముకకే తగులుతుంది.

మొదటి బస్సుకే కామారెడ్డి పోయి వాటిని వాపసు ఇచ్చెయ్. సన్న గీతలున్న మెత్తటివి తీసుకో. తొందరగా అరిగితే అరగనీ. దుకాణదారు గట్టివే మంచివంటే, ఎవరికి మంచివని అడుగు.

నేను ప్రార్థనకు పోతున్నాను. ఇంత కోపంతో ప్రార్థన చేయవచ్చా అని పాదిరిగారిని అడగాలి.

నీ అన్న,
స్వామిదాసు

అన్నట్టు, ఆ రోజు బండి తోలిన బీరయ్య మామ అమ్మ కింద పరవమని తన గొంగడి ఇచ్చాడు. అది అమ్మతోనే సమాధిలోకి పోయింది. నిన్న కొత్తది తెచ్చి ఆయన భుజాన కప్పాను. చేత్తో తడిమి చూసి, "మెత్తగున్నది అల్లుడా" అన్నాడు.