గరిటె మీద వెలుతురు చారలు

ఉదయగిరి,
17 నవంబరు 2024.

మిత్రుడు పెంచలప్రసాద్‌కు మస్తాన్ సలాం.

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. ఆత్మకూరులో నువ్వూ, చెల్లెమ్మ ప్రమీలారాణీ క్షేమమని తలుస్తాను. మూడేళ్ల తర్వాత వచ్చిన ఉత్తరం. చించేయకుండా చివరిదాకా చదువు.

ఆ రోజు నువ్వు కాలేజీ నుంచి కెమెరా, ప్రొజెక్టరు మోసుకొచ్చి, మా కొయ్య గరిటెల్ని కంప్యూటర్‌లో భద్రం చేస్తానన్నావు. నెమలి పిడి గరిటె నిగనిగలాడుతుంటే, మెరుపు మీద వెలుతురు సరిగా నిలవదని పౌడరు అద్దావు. ప్రొజెక్టరుతో దాని మీద నలుపు తెలుపు చారలు పడేట్టు చేశావు. పిడి ఎత్తుపల్లాలను బట్టి చారలు వంగాయి. ఆ వంపుల్ని లెక్కగట్టి కంప్యూటర్ గరిటెను అచ్చంగా తెరమీద నిలబెట్టింది. నువ్వు దాన్ని తిప్పి, పెద్దది చేస్తుండగా నేను గరిటె లాక్కుని, "మా పని మిషన్లకు అమ్ముకుంటావా ఏందిరా? లెయ్, బయటికి నడువ్" అన్నాను. నువ్వు వైర్లు చుట్టుకుని బస్సెక్కావు. అది నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

రెండు నెలల కిందట మా ఇంటావిడ హుస్సేన్‌బీ ఏ.ఎస్.పేట దర్గాకు పోయి వస్తూ, బస్సు దిగబోయి పడింది. ఎడమ మణికట్టు విరిగింది. ఎముక అతికింది గానీ పట్టు రాలేదు. మా అమ్మాయి రేష్మా పని నేర్చుకుంటానంటోంది. పాత గరిటెలు చూసి చెక్కుతోంది గానీ, గాటు ఎంత లోతుకు దిగిందో కంటికి అందడం లేదు. నీ తెరమీదైతే తెలుస్తుంది. ఇంట్లో పదకొండు గరిటెలు మిగిలాయి. ఒకసారి వచ్చి వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించిపెట్టు.

నీ కోపానికి తగినవాడు,
మస్తాన్.

తా.క.: కవర్లో పెట్టబోతూ దీన్ని హుస్సేన్‌బీకి చదివి వినిపించాను. "బాగానే ఉండాది. నేను పడిన దగ్గర నా పేరు రాసినావు. చెక్కిన దగ్గర రాయలేదే" అంది.

ప్రసాదూ, మిషన్ల భయం అబద్ధం. నువ్వు తెరమీద పెద్దది చేసినప్పుడు కత్తిగాట్లన్నీ ఎడమచేతి వాటంగా కనిపించాయి. నాది కుడిచెయ్యని నీకు బడిలో ఉన్నప్పటి నుంచీ తెలుసు. నువ్వు అడిగేలోపు పంపించేశాను. నెమలి పిడివన్నీ ఆమె చెక్కినవే. నేను కొయ్య కోసిచ్చాను, నునుపు చేశాను, అడుగున నా పేరు వేసుకున్నాను. ఎగ్జిబిషన్లో శాలువా కప్పించుకున్నదీ నేనే.

కంప్యూటర్‌లో చెక్కినవాళ్ల పేరు పెట్టేచోట షేక్ హుస్సేన్‌బీ అని పెట్టు. ఇంగ్లీషులో ఏయే అక్షరాలో ఆమెనే అడుగు. ముప్పై ఏళ్లలో నేను ఒక్కసారీ రాయలేదు.