హాల్లో సీటు లేదు

హన్మకొండ,
6-8-1979.

ప్రియమైన మీకు,

ఎస్తేరు వందనాలు. ఇక్కడ నేను క్షేమం. ఆ మాట రాయాలంటే కడుపు నిండి ఉండాలి. ఈ వారం నిండింది కనుక ధైర్యంగానే రాస్తున్నాను.

పొద్దున ఏం తింటున్నావని ములుగు నుంచి ప్రతి ఉత్తరంలోనూ అడుగుతారు. మీకేం, ఫారెస్టు రేంజి ఆఫీసు పక్కనే మెస్సు, వేళకు పళ్లెం ముందుకొస్తుంది. నేను నైట్ డ్యూటీ దిగేసరికి ఏడవుతుంది. పన్నెండు గంటలు వార్డులో తిరిగిన కాళ్లతో గదికి వెళ్లి వండుకుందామన్నా వీల్లేదు. ఇంటి ఓనరు భద్రమ్మ గారు గదిలో స్టవ్ పెట్టనివ్వదు. గోడలు నల్లబడతాయట.

మీరు చూసినప్పటి చౌరస్తా కాదిది. అడుగడుగునా టిఫిన్ హోటల్. కాలేజీ పిల్లలు, బ్యాంకు వాళ్లు, బట్టల కొట్ల వాళ్లు, పొద్దున్నే ఊరంతా అక్కడే ఉంటుంది. కానీ ఆ వండేదంతా మగవాళ్ల కోసమే! ఉడిపి హోటల్లో ఇడ్లీ నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది, కాదనను. అయితే ఆడవాళ్లు తెర కట్టిన ఫ్యామిలీ రూములోనే తినాలట, ఆ రూము పది గంటలకు గానీ తెరవరట. అప్పటిదాకా మన ఆకలి కూడా పర్దా వేసుకుని కూర్చోవాలన్నమాట. ఇరానీ హోటల్ చాయ్ వాసన రోడ్డు దాకా వస్తుంది, గుమ్మంలో అడుగుపెడితే నలభై కళ్లు మీద పడతాయి. బస్టాండు దగ్గర బండి మీద పూరీలు బాగుంటాయి. తెల్లచీర కట్టుకుని, ఆలుగడ్డ కూర చేతిలో పట్టుకుని, బస్సుల దుమ్ములో నిలబడి తినాలి. ఎందుకు తినాలి? నేనేం తప్పు చేశానని?

చివరికి ఒకటి దొరికింది. చౌరస్తా మూల మీద రాజేశ్వర్ రావు అనే ఆయన కొత్తగా పెట్టిన హోటల్. మొదటి రోజు గుమ్మం దగ్గర తటపటాయిస్తుంటే కట్టయ్య అని పెద్ద వయసు సర్వరు, "సిస్టరమ్మా, గీ కిటికీ కాడ కూసో, జర గాలొస్తది" అన్నాడు. ఏమీ అడగలేదు. ఎవరితో వచ్చావనలేదు. పెసరట్టులో ఉప్మా, పక్కన అల్లం చట్నీ. తింటుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి, చట్నీ కారం వల్ల మాత్రం కాదు. మొదటి రోజు హాలంతా నన్నే చూసింది. మూడో రోజుకు ఎవరి ప్లేటు వాళ్లు చూసుకున్నారు. నన్ను చూసి టెలిఫోన్ ఎక్స్ఛేంజి వరలక్ష్మి కూడా వస్తోంది. 

ఈసారి మీరు వచ్చినప్పుడు అక్కడికే వెళదాం.

మీ ఎస్తేరు


ములుగు,
11-8-1979.

ప్రియమైన ఎస్తేరుకు,

నీ ఉత్తరం అందింది. నువ్వు కడుపు నిండా తింటున్నందుకు సంతోషం. ఆ రాజేశ్వర్ రావు పొడుగ్గా, నుదుటి మీద మచ్చతో ఉంటాడా? అయితే మరిపెడ బడిలో నాతో చదివినవాడే. హోటల్ పెట్టాడని విన్నాను గానీ ఎక్కడో తెలియదు.

మా హెడ్ క్లర్కు పోయిన సోమవారం హన్మకొండ వచ్చి నిన్ను చూశాడట, ఆఫీసులో చెప్పాడు. నువ్వు చిక్కిపోయావేమో అని అడిగితే, లేదు, బాగానే ఉందన్నాడు.

భద్రమ్మ గారిని బతిమాలి చూడు. స్టవ్ వెలిగించడానికి ఎంతసేపు? ఇంట్లో తిన్నది ఒంటికి పడుతుంది. ఇక్కడ వానలు జోరుగా ఉన్నాయి. ఆరోగ్యం జాగ్రత్త.

నీ సుందర్ రావు


హన్మకొండ,
27-8-1979.

ప్రియమైన మీకు,

అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకండి. ఆకలితో కాదు, ఒళ్లు మండి రాస్తున్నాను.

ఈ రోజు పొద్దున ఎప్పటిలాగే కిటికీ దగ్గర కూర్చున్నాను. కట్టయ్య వచ్చాడు గానీ మంచినీళ్లు తేలేదు. చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. 

"సిస్టరమ్మా, ఇంకనుంచి గీడ కూసోవద్దంటాండు సేటు. ఏమనుకోకు తల్లీ."

"ఎందుకూ?" అంటే గోడ వైపు చూపించాడు. కొత్త బోర్డు. ఇంకా రంగు వాసన కూడా పోలేదు. "తోడు లేని ఆడవారికి హాలులో సీటు లేదు." 

కౌంటరు దగ్గరికి వెళ్లి నిలదీశాను. మీరన్నట్టే రాజేశ్వర్ రావు నుదుటి మీద మచ్చ ఉంది. నా ముఖంలోకి చూడకుండా, "రూలమ్మా, అందరికీ ఒకటే రూలు. నేనేం జేస్త?" అన్నాడు. హోటల్ ఆయనది, బోర్డు ఆయనది, మరి రూలు ఎక్కడి నుంచి ఊడిపడింది? పోనీ పొట్లం కట్టి ఇమ్మంటే, పొట్లం తీసుకోవడానికి మాత్రం తోడు అక్కర్లేదన్నాడు. మన చేతికి ఇస్తారట, మనల్ని కూర్చోనివ్వరట! వద్దని వచ్చేశాను. వెనక ఎవరో నవ్వారు.

రాత్రంతా ఈ ఊరి మగవాళ్లకే కదా నేను సెలైన్లు పెట్టి, వాంతులు ఎత్తి, దుప్పట్లు కప్పేది? అప్పుడు ఎవరైనా అడిగారా, సిస్టరూ నీకు తోడెవరని? పొద్దున ఏడయ్యేసరికి నేను తోడు లేని ఆడదాన్ని అయిపోయానా?

వరలక్ష్మిని కూడా లేపేశారు. ఎక్స్ఛేంజిలో ఇద్దరు, దవాఖానలో తొమ్మిది మందిమి, అందరం కలిసి అర్జీ రాసి ఇద్దామనుకుంటున్నాం. మీరేమంటారు? మీకు చెప్పుకుంటే తప్ప నాకు మనసు కుదుటపడదు.

మీ ఎస్తేరు


ములుగు,
2-9-1979.

ప్రియమైన ఎస్తేరుకు,

ఎంత కోపం! ఒక్క ప్లేటు టిఫిన్ కోసం అర్జీలా? వ్యాపారం అన్నాక వాళ్ల ఇబ్బందులు వాళ్లకుంటాయి. నలుగురు వచ్చిపోయే చోటు, ఎవడో ఏదో అంటాడని పెట్టుకుని ఉంటాడు. నీ మంచికే అయి ఉండవచ్చు కూడా. ఊరుకో.

రేంజి ఆఫీసు జీపు బుధవారం హన్మకొండ వస్తుంది. కొత్త స్టవ్, ఒక అడవి తేనె సీసా పంపుతున్నాను. భద్రమ్మ గారికి నేనే విడిగా ఉత్తరం రాశాను, ఒప్పుకుంటుంది. అర్జీ మీద మాత్రం నువ్వు సంతకం చెయ్యకు. నా మాట విను.

నీ సుందర్ రావు


హన్మకొండ,
17-9-1979.

ప్రియమైన మీకు,

మొదట ఇది చదవండి: అత్తమ్మ ఇప్పుడు బాగానే ఉంది. నా గదిలోనే పడుకుని ఉంది. 

కళ్లు చూపించుకుందామని మొన్న మొదటి బస్సుకు మరిపెడ నుంచి వచ్చింది. ఎదురొచ్చి తీసుకుపోతానని ముందే చెప్పాను. నీకు డ్యూటీ ఉంటది, నేనే వస్తానని పట్టుబట్టింది. చౌరస్తాలో బస్సు దిగగానే షుగర్ గోలీ వేసుకుంది. గోలీ వేసుకుంటే వెంటనే తినాలని నేనే కదా వెయ్యిసార్లు చెప్పింది. నేను మొదట్లో ఆమెకు ఉత్తరంలో మెచ్చుకుంటూ రాసిన హోటల్ గుర్తుంది. దారి అడుగుతూ అక్కడికే వెళ్లింది. బోర్డు సంగతి ఆమెకు రాయలేదు, ఆ తప్పు నాదే.

"అవ్వా, నీ తోడ మగమనిషి ఉన్నడా?" అన్నాడట కట్టయ్య, తల ఎత్తకుండా.

"ఇడ్లీ తినేటందుకు మగమనిషెందుకు బిడ్డా?" అన్నదట అత్తమ్మ.

కౌంటరు దగ్గర నుంచి బోర్డు వైపు వేలు చూపించారు, అంతే. బయటికొచ్చి, ఉడిపి హోటల్ ఎటని అడుగుతూ బట్టల కొట్టు మెట్ల మీద కూలబడింది. రిక్షాలో దవాఖానకు మోసుకొచ్చారు. నేను అప్పుడే డ్యూటీ దిగుతున్నాను. ఒళ్లంతా చెమట, మాట ముద్దగా వస్తోంది, నన్ను గుర్తుపట్టలేదు. గ్లూకోజు ఎక్కించాక కళ్లు తెరిచింది. ఇంకో పావుగంట ఆలస్యమైతే ఏమయ్యేదో నర్సుగా నాకు తెలుసు, కోడలిగా రాయలేను.

ఒక్క ప్లేటు టిఫిన్ కోసమా అన్నారు మీరు. అవును, ఒక్క ప్లేటే. రెండు ఇడ్లీలు. అవి చాలు ఆమెకు.

మీరు వద్దన్నారని అర్జీ మీద సంతకం పెట్టలేదు, ఇక ఊరుకోమని రాయకండి. రాజేశ్వర్ రావు మీతో చదివినవాడు. మీ మాట వింటాడు. ఆ బోర్డు తియ్యమని మీరే రెండు ముక్కలు రాయండి. నాకోసం కాకపోయినా మీ అమ్మ కోసం.

మీ ఎస్తేరు


ములుగు,
21-9-1979.

ఎస్తేరుకు,

అమ్మ సంగతి చదివి వెంటనే రాస్తున్నాను. ఆమెను జాగ్రత్తగా చూసుకో. నేను ఈ నెల 29న, శనివారం వస్తున్నాను, సెలవు దొరికింది. రాజేశ్వర్‌తో నేనే మాట్లాడతాను. నేను వచ్చేదాకా నువ్వు గానీ అమ్మ గానీ ఆ హోటల్ గడప తొక్కవద్దు. అతన్ని ఏమీ అడగవద్దు. ఈ ఒక్కమాట విను.

సుందర్ రావు


హన్మకొండ,
26-9-1979.

సుందర్ రావు గారికి,

మీ ఉత్తరం నిన్న వచ్చింది. అత్తమ్మే ముందు చదివింది. "గడప తొక్కద్దంటడేంది? నేనేమన్న దొంగతనానికి పోయిన్నా?" అని అప్పటికప్పుడే మంచి చీర తీసి పెట్టుకుంది. ఈ రోజు పొద్దున డ్యూటీ దిగగానే ఆమెను, వరలక్ష్మిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఏడున్నర. హాలు కిటకిటలాడుతోంది.

నా పక్కన అత్తమ్మను చూసి రాజేశ్వర్ రావు లేచి నిలబడ్డాడు. "అమ్మా, నువ్వు సుందరం తల్లివా? గా దినం నాకెరుక లేకపాయె."

"సుందరం తల్లిని గాకుంటె రోడ్డు మీద పడి సావాల్నా?" అన్నది.

తినేవాళ్లు తినడం ఆపారు. ఒకాయన బోర్డు తీసెయ్యమన్నాడు. ఇంకొకాయన, ముసలామెను బయటికి పంపింది నువ్వేనా అని గట్టిగానే అడిగాడు. రాజేశ్వర్ రావు చెమటలు తుడుచుకున్నాడు. నేను ఊరుకోలేదు. ఏ చట్టంలో ఉంది నీ రూలు, ఎవరు చెప్పారు నీకు, చెప్పేదాకా ఇక్కడి నుంచి కదలనన్నాను.

"నన్నెందుకు తిడుతరమ్మా? మీ ఇంటి మనిషి అడిగితెనే గదా పెట్టిన" అని సొరుగులో నుంచి ఒక ఇన్లాండు ఉత్తరం తీసి నా ముందు పడేశాడు.

పై చిరునామా చూడగానే గుర్తుపట్టాను. ఆరేళ్లుగా నేను ఎదురుచూసే రాత అది. తెరవకుండా కౌంటరు మీదే ఉంచాను. అత్తమ్మ తీసుకుంది.

మీ అమ్మ చదువు మీకు తెలుసు. బైబిలు కోసం చర్చిలో నేర్చుకున్నది. ఆమెకు పైకి చదవడమే వచ్చు, మనసులో చదువుకోవడం రాదు. ఆదివారం వాక్యం చదివినట్టే, అక్షరం అక్షరం ఒత్తి, హాల్లో అందరికీ వినబడేలా చదివింది.

"రాజేశ్వర్, మా ఎస్తేరు రోజూ పొద్దున మీ హాల్లో మగవాళ్ల మధ్య కూర్చుని తింటోందని మా హెడ్ క్లర్కు ఆఫీసులో నలుగురి ముందూ అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పేరు పెట్టి ఆపితే ఆమె ఊరుకునే మనిషి కాదు. అందుకని ఆడవాళ్లందరికీ కలిపి ఒక రూలు పెట్టు. బోర్డు రాయిస్తే మరీ మంచిది. నేను రాశానని మాత్రం తెలియనివ్వకు."

కింద మీ సంతకం, తారీకు కూడా చదివింది. ఆగస్టు పదకొండు. నేను కడుపు నిండా తింటున్నందుకు సంతోషమని నాకు రాసిన రోజే. 

కోపం వచ్చిందని రాస్తే అబద్ధం. కోపమంతా ఈ రెండు నెలల్లో మీకు రాసిన ఉత్తరాల్లోనే అయిపోయింది. అవమానమైన ప్రతిసారీ మీకే చెప్పుకున్నాను. ఎవరు చేశారో తెలియక చేసినవాడికే మొరపెట్టుకున్నాను. మీరు అన్నీ చదివి, మడిచి, ఊరుకో అని రాశారు. హెడ్ క్లర్కు గారి ఒక్క మాటకు మీ తల వంగింది. దాన్ని నిలబెట్టుకోవడానికి పదకొండు మంది ఆడవాళ్ల నోటి దగ్గర కూడు తీశారు. అందులో మీ అమ్మ పేరు ఉంటుందని మీకు తట్టలేదు, అంతే కదా? తట్టి ఉంటే ఆగేవారు. మిగతా వాళ్ల కోసం ఆగేవారు కాదు. నన్ను కాల్చేస్తున్నది ఆ మాటే.

చదవడం అయ్యాక అత్తమ్మ ఆ ఉత్తరం మడిచి నాకిచ్చింది. తర్వాత హాలు మధ్యలో ఖాళీగా ఉన్న టేబులు దగ్గర కూర్చుని, "రెండిడ్లీలు తే బిడ్డా" అన్నది. కట్టయ్య సేటు వైపు చూడకుండానే తెచ్చి పెట్టాడు. మా ఇద్దరికీ కూడా పెట్టాడు. ముగ్గురం తిన్నాం. నాకు రుచి తెలియలేదు.

మేం లేచేటప్పుడు రాజేశ్వర్ రావు స్టూలు వేసుకుని బోర్డు తియ్యబోయాడు. అత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు తియ్యకు. రాయించినోడు శనివారం వస్తాండు. అందరు తినే యాళ్లకు వాని చేతనే తీపిస్త."

మొదటి బస్సుకే రండి. మీ అమ్మ హాల్లోనే కూర్చుని ఉంటుంది. నేను ఆమె పక్కన ఉంటానో లేదో ఈ రోజుకైతే చెప్పలేను.

ఎస్తేరు