నాలుగు కిలోల జోలె

అమ్మా, జ్వరం తగ్గింది, కులాసాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు.

మా పోషణ కేంద్రంలో పసిపిల్లల్ని గుడ్డ జోలెలో పెట్టి, కాటా కొక్కేనికి వేలాడదీసి తూస్తాం. ఆ బరువు కార్డులో రాశాకే తల్లికి జావపిండి ఇస్తాం. మొన్న ఒకామె జోలె తనే తగిలించింది. ముల్లు నాలుగు కిలోల దగ్గర ఆగింది. నెల్లాళ్లుగా అదే బరువు. నాకు ఒళ్లు మండింది.

"పిండంతా ఎవరు మింగుతున్నారమ్మా?" అని అరిచాను.

"పాప తాగట్లేదు బాబూ, నేనే తాగుతున్నా," అంది నెమ్మదిగా.

జోలె విప్పి చూస్తే లోపల ఏమీ లేదు. ముల్లు మాత్రం కదల్లేదు.

నర్సక్క నా చెవి దగ్గరకొచ్చి, "ఆ పిల్ల పోయి నెలయింది. ఈమెకి మళ్లీ నాలుగో నెల. ఇక్కడ పిండి పసిపిల్లల కార్డు మీదే ఇస్తారు, అది కొట్టేస్తే ఆగిపోతుంది. రాసెయ్ తమ్ముడూ," అంది.

కాటా ఎంత చూపిస్తే అంతే రాసి పిండి ఇచ్చాను.

వదినకి ఏడో నెల కదా, ఇంకా అందరూ తిన్నాక అడుగూబొడుగూ తింటోందని చెల్లి రాసింది. "మా కాలంలో" అని మొదలుపెట్టకు. ఇవాళ్టి నుంచి ఆమెకే ముందు వడ్డించు. అన్నయ్య మూతి ముడిస్తే ముడవనీ. నా పాత స్వెట్టరు చెల్లికి ఇచ్చెయ్యి. నాన్నకు నమస్కారాలు. జవాబు మాత్రం వదిన చేతే రాయించు. ఆమె దస్తూరీ చూస్తేగాని నాకు ముద్ద దిగదు.

నీ చిన్నోడు